కథలు రాసుడు కాలేజీల నేర్చుకోవద్దా?

రండి, జర మంటకు దగ్గరగ కూసోండి. పుష్యమాసంల మా సిరికొండ చలి గట్టిగనే ఉంటది. చుట్టు గుట్టలు, అడవి, మీదికెళ్లి చెరువు గాలి. ఇంకో నాలుగు మక్కబెండ్లు ఎగదోస్త. ఇయ్యాల మీతోటి ఒక ముచ్చట పెట్టాలె.

మా వాడకట్టుల ఒక పిల్ల ఉన్నది. డిగ్రీ ఆఖరి సంవత్సరం. తల్లి బీడీలు చేస్తది, తండ్రి దుబాయిల ఉన్నడు. మొన్న ఆ పిల్ల ఒక నోట్‌బుక్కు తెచ్చి నా చేతుల పెట్టి, "పెద్దబాపూ, కథలు రాసుడు నేర్పే డిగ్రీ ఉంటదట గదా, నిజమేనా? మన దిక్కు ఉన్నదా?" అని అడిగింది.

నాకు తెలిసినోళ్లల్ల శానామంది ఈ మాట ఇనంగనే ఒకటే అంటరు: రాత పుట్టుకతోటి రావాలె, బడిల నేర్పితే వచ్చేది కాదు అని. నేను ఒప్పుకోను. పాట నేర్వాలంటే గురువు కావాలంటం. బొమ్మలేసుడు నేర్పనీకి కాలేజీలు పెట్టుకున్నం. 1985ల పుట్టిన తెలుగు విశ్వవిద్యాలయం, ఇప్పుడు సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టుకున్నది, కూచిపూడి నాట్యం నేర్పనీకి ఆ ఊర్లనే ఒక పీఠం నడిపింది. ఒక్క రాసెటోడే ఎవ్వరి సాయం లేకుంట తనంత తానే తయారు కావాల్నా? మన పాతోళ్లు గూడ అట్ల అనుకోలేదు. మల్లియ రేచన పేరు మీదున్న 'కవిజనాశ్రయం' తెలుగుల మొట్టమొదటి ఛందోగ్రంథం. పద్యం ఎట్ల కట్టాలె, గణాలు ఎట్ల కూర్చాలె, యతి ఎక్కడ పడాలె అని నేర్పే పుస్తకం. అంటే వెయ్యేండ్ల కిందనే తెలుగోడు రాత నేర్పొచ్చని నమ్మిండు.

రాసెటోనికి సాయం కావాలె అననీకి మా జిల్లాలనే ఒక సాక్ష్యమున్నది. నిజామాబాద్ ఖిల్లా చూసిండ్రా? పైన రఘునాథాలయం ఉంటది. నిజాం కాలంల అదే ఖిల్లల జైలుండె. 1948 ప్రాంతంల కవి దాశరథి కృష్ణమాచార్య ఆ జైల్ల ఉన్నడు. కాయితం లేదు, కలం లేదు, బొగ్గుముక్క తీసుకొని గోడల మీద పద్యాలు రాసిండు. ఈ సంగతి మా జిల్లాల బడి పిల్లలకు గూడ ఎరుకే. అందరు గోడను యాది చేస్తరు. నాకు మాత్రం ఆ గోడ పక్కన కూసున్న ఇంకో మనిషే యాదికొస్తడు.

ఆయన వట్టికోట ఆళ్వారుస్వామి. చిన్నప్పుడే కష్టాలల్ల పడి, పరాయి ఇంట్ల వంట జేసుకుంట చదువు నేర్చినోడు. 1938ల దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు అచ్చేసి, తానే మోసుకపోయి ఇల్లిల్లు తిరిగి అమ్మిండు. అచ్చేసుడు, అమ్ముడు, చదివిచ్చుడు అన్నీ తానే. అసుంటి మనిషి దాశరథికి జైల్ల తోడు దొరికిండు. పద్యం పుట్టంగనే ఇనెటోడు పక్కనే ఉన్నడు, పైగ పుస్తకం ఇలువ తెలిసినోడు. 1949ల 'అగ్నిధార' అచ్చయితే దాశరథి దాన్ని ఆళ్వారుస్వామికే అంకితమిచ్చిండు. ఆ అంకితంల నాకు స్నేహమొక్కటే కనపడదు, తొలి శ్రోతకు కవి తీర్చుకున్న రుణం గూడ కనపడ్తది. ఆళ్వారుస్వామి తన జైలు రోజులను గూడ ఉత్తగ పోనియ్యలే. తోటి ఖైదీల బతుకులు చూసి 'జైలు లోపల' కథలు రాసిండు. నిజాం కాలపు పల్లె మీద 'ప్రజల మనిషి' నవల రాసిండు. 'గంగు' మొదలు పెట్టిండు గని, పూర్తిగాకముందే 1961ల కాలం జేసిండు.

రాసెటోడు ఒకడు, మనసు పెట్టి ఇనెటోడు ఇంకొకడు. రచన డిగ్రీ అని ప్రపంచంల ఎక్కడ పెట్టినా దాని లోపలి సరుకు ఇంతే. ఇది మన నిజామాబాద్ ఖిల్లల ఒక కవికి జైలు పాలైనంక దొరికింది. మన పిల్లలకు డిచ్‌పల్లిల ఉన్న తెలంగాణ యూనివర్సిటీ క్లాసుల దొరకాలె అంటున్న నేను.

ఆ డిగ్రీలు ఎట్ల మొదలైనయో చెప్త. అమెరికాల అయోవా అని ఒక రాష్ట్రమున్నది. అది గూడ మన లెక్కనే మక్కచేండ్ల దేశం. 1922ల అక్కడి యూనివర్సిటీ ఒక నిర్ణయం తీసుకున్నది. పై డిగ్రీ చదివెటోళ్లు పరిశోధన గ్రంథం బదులు కవితలో, నాటకమో, నవలో ఇచ్చినా తీసుకుంటం అని. దాని వెనుకున్న డీన్ కార్ల్ సీషోర్ మనస్తత్వ శాస్త్రం చదివినోడు, సాహిత్యం పంతులు గాదు. 1936ల దానికే రైటర్స్ వర్క్‌షాప్ అని ఒక విభాగం ఏర్పడ్డది. ఇంగ్లండుల ఈస్ట్ ఆంగ్లియా యూనివర్సిటీ 1970ల ఎంఏ పెట్టింది. అక్కడ చదివిన కజువో ఇషిగురోకు 2017ల నోబెల్ వచ్చింది. మన దేశంల ఇగ్నో ఇంగ్లిషు రచనల డిప్లొమా నడిపింది.

క్లాసు ఎట్ల నడుస్తదంటే, ఒకరు కథ రాసి ముందే అందరికి కాపీలిస్తరు. అందరు ఇంటికాడ చదివి, అంచుల మీద గుర్తులు పెట్టుకొని వస్తరు. ఇగ కథ మీద మాట్లాడుతుంటే రాసినోళ్లు నోరిప్పొద్దు. "నేను ఇట్ల అనుకొని రాసిన" అనే మాట ఉండొద్దు, కాయితం మీద ఉన్నదే కథ. ఎక్కడ మనసు పోయింది, ఎక్కడ ఇసుగొచ్చింది, ఏ మనిషి ఎందుకట్ల చేసిండో అర్థం కాలేదు, ఇవన్నీ రాసినోళ్ల ముంగటనే మాట్లాడుకుంటరు. పంతులు చివర్ల రెండు మాటలంటడు. రెండేండ్లు ఇట్ల గడిచినంక ఒక పుస్తకమంత రాతప్రతి అప్పజెప్తే డిగ్రీ.

ఈ పద్ధతిల నాకు నచ్చేది, కథను ముందే చదివి వచ్చుడు. మన సభలల్ల కవి లేచి చదువుతడు, మనం చప్పట్లు కొడతం, శాలువ కప్పుతం, అయిపాయె. ఏడో వాక్యం తీసేస్తే కథ నిలబడ్తదని చెప్పెటోడు ఎవ్వడు లేడు. కుర్రోళ్లు పదేండ్లు రాసినా మొదటి కథ కాడనే ఆగిపోతున్నరంటే సగం కారణం ఇదే. మెచ్చుకునెటోళ్లకు మనకాడ కరువు లేదు. పెన్సిలు పట్టుకొని చదివెటోళ్లకు కరువున్నది.

భయపెట్టేది గూడ ఒకటున్నది, అది భాష సంగతి. ఆ పిల్ల నోట్‌బుక్కు తిరగేసిన గదా. కథంతా మంచిగ నడుస్తది గని, తల్లి నోరు ఇప్పినప్పుడల్ల పాఠ్యపుస్తకం మాట్లాడుతది. ఇంట్ల "తునికాకు తడిపినవా బిడ్డా" అనే తల్లి, కథల మాత్రం "ఆకులను తడిపావా అమ్మాయీ" అంటది. ఎందుకట్ల రాసినవంటే, "అట్లనే రాయాలంట గదా పెద్దబాపూ" అన్నది. ఎవరు చెప్పిన్రు ఆ పిల్లకు? ఒక్కరని కాదు, బడి, సినిమా, టీవీ అన్నీ కలిసి చెప్పినయి. పలుకుబడుల భాష కావాలె అని కవి కాళోజీ బతికినన్ని రోజులు చెప్పిండు. ఆయన పుట్టినరోజు సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవం చేసుకుంటున్నం. అయినా మా సిరికొండ పిల్ల తన తల్లి మాటను కథల పెట్టాలంటే సిగ్గు పడ్తున్నది. రేపు డిగ్రీ పెట్టి, ఆ క్లాసుల పంతులే "ఉన్నది"ని కొట్టేసి "ఉంది" అని దిద్దితే అసుంటి డిగ్రీ మనకొద్దు.

ఇక్కడ అయోవాదే ఒక సంగతి చెప్పాలె. 1945ల జార్జియా రాష్ట్రంకెళ్లి ఫ్లానరీ ఒకానర్ అనే పిల్ల వర్క్‌షాప్ నడిపే పాల్ ఎంగిల్ ఆఫీసుకు వచ్చింది. దక్షిణాది యాస. ఆమె ఏం చెప్తున్నదో ఆయనకు ఒక్క ముక్క అర్థం కాలేదట. చెప్పేది కాయితం మీద రాయమన్నడు. వర్క్‌షాప్‌ల చేరొచ్చా అని రాసిచ్చింది. ఆమె కథలు చదివినంక చేర్చుకున్నడు. 1947ల డిగ్రీ తీసుకొని పోయి, తన జార్జియా మనుషులను వాళ్ల మాటతీరుతోనే కథలల్ల నిలబెట్టింది. ఆ యాసను ఎవ్వరు మార్చకపోవుడే ఆమెకు ఆ చదువు చేసిన మేలు అనుకుంట నేను.

మరి తెలుగుల ఏమున్నది అంటరా? అసలు లేదనలేం. ఆంధ్రప్రదేశ్‌ల 2020 తర్వాత వచ్చిన డిగ్రీ సిలబస్‌ల జనరల్ తెలుగుకు సృజనాత్మక రచన అనే పేపరే పెట్టిన్రు. కవిత, కథ రాసుడే కాదు, అనువాదం, పేపర్లకు రాసుడు గూడ దాంట్ల పాఠాలు. మంచి అడుగు. కాకుంటే ఒక సెమిస్టరు, ఆఖరుకు పరీక్ష. పరీక్షహాల్ల మూడు గంటలల్ల కథ రాయమంటే ఏం రాస్తరు పిల్లలు? కథకు తిరగరాసుడు కావాలె, తిరగరాయనీకి రోజులు కావాలె.

నిజానికి మనకాడ వాక్యం రాసుడు గట్టిగ నేర్పింది పేపరోళ్లు. ఈనాడు జర్నలిజం స్కూల్ల బూదరాజు రాధాకృష్ణ పాఠం చెప్పిండు. భాషాశాస్త్రవేత్త అయ్యుండి విలేకరులకు తెలుగు వాక్యం నేర్పిండు. ఇగ పుస్తకాలల్ల, మదనపల్లెల ఇంగ్లిషు చెప్పిన వల్లంపాటి వెంకటసుబ్బయ్య 'కథాశిల్పం' రాసిండు. 1999ల దానికి సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. కథ ఎవరి కంటితోటి నడవాలె, ఎక్కడ మొదలు పెట్టాలె, సంభాషణ ఎంతుండాలె అని ఇడమర్చి చెప్తడు. మహమ్మద్ ఖదీర్ బాబు 'కథలు ఇలా కూడా రాస్తారు' ఉన్నది. ఈ రెండూ ఆ పిల్లకు ఇచ్చిన. అంటే కథ పాఠం లేక ఆగలేదు. పాఠం చదివి రాసింది సూపిచ్చుకోనీకి మనిషి లేక ఆగింది.

ఇగ సరుకు సంగతి. మా దిక్కు కథలకు ఏం తక్కువ? బోధన్ తీసుకోండి. 1938ల శక్కర్‌నగర్‌ల నిజాం షుగర్స్ మొదలైంది. ఆసియాల పెద్ద చక్కెర ఫ్యాక్టరీలల్ల ఒకటని పేరు. ఫ్యాక్టరీ సుట్టు క్వార్టర్లు, బడి, దవాఖాన. చెరుకు బండ్లు రాత్రంత వరుస కట్టేటియి. 2002ల ప్రైవేటోళ్ల చేతికి పోయింది, 2015 డిసెంబర్ల లేఆఫ్ పెట్టి మూసేసిన్రు. పేపర్లల్ల బాకీలు, ధర్నాలు, హామీలు వచ్చినయి. మూతపడ్డ తెల్లారి డ్యూటీ టైముకు మెలకువొచ్చిన కార్మికుడు ఏం చేసిండో పేపర్ల రాదు. చెరుకేసిన చేన్ల వరి నాటంగ రైతు పెండ్లాంతోటి ఏమన్నడో రాదు. అది కథల రావాలె, అది చూసినోళ్ల ఇంట్ల పుట్టిన పిల్లలే రాయాలె. మా ఊర్లకెళ్లి దుబాయి, మస్కట్ పోయినోళ్లు ఎంతమంది! వాళ్లు ఫోన్ల పంపే వాయిస్ మెసేజులు, అర్ధరాత్రి లేచి వాటిని మళ్లమళ్ల ఇనే ఆడోళ్లు, తండ్రి మొఖం ఫోన్ల తప్ప ఎరుగని పిల్లలు... ఇవన్నీ ఎన్ని నవలలైతయో ఆలోచన చేయండి.

"నౌకరి వస్తదా?" అని దుబాయికెళ్లి తండ్రి అడిగిండట. అడగాలె మరి, ఎండల నిలబడి పైసలు పంపెటోనికి ఆ హక్కున్నది. నేను ఆ పిల్లకు అబద్ధం చెప్పలే. కథారచన డిగ్రీ అడిగే నోటిఫికేషన్ మన రాష్ట్రంల రాదు. జూనియర్ లెక్చరర్ కావాలంటే ఎంఏ తెలుగు ఉండాలె. గందుకనే నేను కొత్త డిగ్రీ పెట్టమని అడుగుతలేను. 1922ల అయోవా చేసిన పనే 2006ల పుట్టిన మన తెలంగాణ యూనివర్సిటీని చేయమంటున్న. ఎంఏ తెలుగుల చేరిన పిల్ల ఆఖరి సెమిస్టర్ల ప్రాజెక్టు బదులు, కావాలంటే ఐదు కథలు ఇయ్యొచ్చని ఒక్క నిబంధన రాయాలె. అది దిద్దనీకి ఒక పంతులు, ఒక కథకుడు ఉండాలె. దీనికి కొత్త బిల్డింగు అక్కర లేదు, కొత్త పోస్టు అక్కర లేదు. సర్టిఫికెట్టు మీద ఎంఏ తెలుగు అనే ఉంటది, నౌకరికి పనికొస్తది. పిల్ల చేతుల ఐదు కథల రాతప్రతి గూడ ఉంటది. ప్రబంధాలు, వ్యాకరణం తీసేయమనుడు గాదు. నన్నయను చదవకుంట తెలుగు వాక్యం బరువు తెల్వదు. వాటి పక్కన ఇంత జాగ ఇయ్యమని అడుగుతున్న.

ఆ పిల్లను పీజీ ఎంట్రెన్స్ సీపీగెట్ రాయమన్న, డిచ్‌పల్లిల ఎంఏ తెలుగు మొదటి ఆప్షను పెట్టుకోమన్న. యూనివర్సిటీ ఒప్పుకునే దాక ఊకె కూసోం గదా, సంక్రాంతి పోయినంక ఆదివారాలు మా ఇంటికాడనే మొదలు పెడ్తున్నం. ధర్పల్లికెళ్లి ఇద్దరు, భీంగల్‌కెళ్లి ఒకరు వస్తమన్నరు. కథ మూడు రోజుల ముందే జిరాక్సు తీసి పంపాలె. రాసినోళ్లు మాట్లాడొద్దు. ఎవ్వరి యాసనూ ఎవ్వరు దిద్దొద్దు. మొదటి ఆదివారం ఆ పిల్ల కథనే, తల్లి మాటలు తల్లి అన్నట్టే మళ్ల రాసుకొని తెస్తున్నది. మీకాడ కథ ఉంటే మీరు గూడ రండి. కథ లేకున్నా రండి, పెన్సిలు పట్టుకొని చదివెటోళ్లు ఇంకో ఇద్దరు కావాలె.