తరంగంబాడి దర్శనము

తమిళనాడు వెళ్లినప్పుడు మయిలాడుతురైలో రైలు దిగి, బస్సులో తరంగంబాడికి వెళ్లాము. కోటద్వారము దాటిన వీధి తిన్నగా సముద్రతీరానికి చేరుస్తుంది. అక్కడ ముందుగా, 1620లో డెన్మార్కువారు కట్టిన డాన్స్‌బోర్గ్ కోట చూడండి.

1706 జూలై 9న సీగెన్‌బాల్గ్ సువార్తతో ఇక్కడే ఓడ దిగారు. పిల్లలతో కూర్చుని ఇసుకలో తమిళ అక్షరాలు దిద్దారు. ఆయన తర్జుమా చేసిన క్రొత్త నిబంధన 1715లో అచ్చయింది.

పిమ్మట న్యూ జెరూసలేము దేవాలయములో ప్రవేశించండి. 1718లో దీనిని ప్రతిష్ఠించిన ఆయన, మరుసటి యేడే 36 ఏండ్ల ప్రాయమున ప్రభువునందు నిద్రించారు. సమాధి లోపలే ఉంది. ఆ యేడే ఇక్కడికి వచ్చిన షుల్జ్, తరువాత మద్రాసులో బైబిలును తెలుగులోకి తర్జుమా చేశారు. గోధుమగింజ ఫలించింది!

ఆ సమాధియొద్ద మీ పిల్లలచేత తెలుగు బైబిలు చదివించండి.