మీకెంత పడింది, అన్నయ్యగారూ?

మార్చి నెల వచ్చిందంటే మా ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద భోజనాలుండవు. కాగితాలుంటాయి. మా ఆవిడ కంచాలు పట్టుకుని సోఫాలోకి వలసపోతుంది. నేనేమీ అకౌంటెంటుని కాదు. ముప్ఫై మూడేళ్ళు ఇంజినీరుగా పనిచేసి 2023లో రిటైరయినవాణ్ణి. కానీ డాలస్ చుట్టుపక్కల ఉన్న మనవాళ్ళలో, "ఆయన టాక్సులు చూసిపెడతాడు, పైసా పుచ్చుకోడు" అని ఒక పేరు పడిపోయింది. ఆ పేరు నిలబెట్టుకోవడానికి ఏటా మూడు నాలుగు శనివారాలు పోతాయి.

2025 మార్చిలో అలా ఒక శనివారం పొద్దున్న వచ్చింది మా ఆవిడకి జాకెట్లు కుట్టే చెల్లెమ్మ. వయసు 61. కూతురు గ్రీన్ కార్డు చేయిస్తే 2017లో వచ్చింది. ఆయన అప్పటికే పోయారు. అల్లుడు మంచివాడే అయినా, ఒకరి మీద ఆధారపడటం ఇష్టం లేక ఇర్వింగ్‌లో ఒక చిన్న అపార్ట్‌మెంటు తీసుకుని, కిటికీ పక్కన కుట్టుమిషను వేసుకుంది. జాకెట్లు, ఫాల్స్, లంగాఓణీలు, పంజాబీ డ్రెస్సులు బిగించడం, వదులు చెయ్యడం. దసరా ముందు, పెళ్ళిళ్ళ ముందు రాత్రి ఒంటిగంట దాకా ఆ మిషను ఆగదట.

రసీదులన్నీ బాస్మతి బియ్యం సంచిలో వేసి తెచ్చింది. వాటితోపాటు ఒక రూళ్ళ పుస్తకం. ప్రతి జాకెట్టూ, ప్రతి దారపుండా అందులో ఉన్నాయి. 2024లో ఖర్చులు పోను మిగిలింది 30,000 డాలర్లు.

లెక్క వేశాను. ఉద్యోగం చేసేవాళ్ళకి సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కింద జీతంలో 7.65 శాతం పోతుంది, అంతే మొత్తం కంపెనీ కూడా కడుతుంది. సొంతంగా పని చేసుకునేవాళ్ళకి కంపెనీ కూడా తామే. కాబట్టి రెండు సగాలూ తామే కట్టుకోవాలి, 15.3 శాతం. దీనికి స్టాండర్డ్ డిడక్షన్ లాంటి మినహాయింపు లేదు. ఏడాదికి నికరంగా 400 డాలర్లు సంపాదిస్తే చాలు, మొదలవుతుంది. చెల్లెమ్మకి ఆ పద్దు 4,239 డాలర్లు వచ్చింది. దాని మీద మామూలు ఇన్‌కం టాక్స్ 1,063. అన్నీ కలిపి 5,302.

ఆవిడ ఒక్క నిమిషం మాట్లాడలేదు. తరవాత, "జాకెట్టుకి నలభై చొప్పున నూట ముప్ఫై రెండు జాకెట్లన్నమాట" అంది. ఫిర్యాదు కాదు, లెక్క. నాకే ఏదోలా ఉండి సర్దిచెప్పబోయాను. ఆవిడే నవ్వి, "పోనీలెండి, ఏడేళ్ళు కట్టాను. ఇంకో మూడేళ్ళు కడితే పదేళ్ళు నిండుతాయి. నాకూ ఈ దేశంలో పెన్షన్ వస్తుందిగా" అంది. కొంతమంది, "క్యాషే కదా, ఎందుకు చూపిస్తారు?" అని సలహా ఇచ్చారట. సోషల్ సెక్యూరిటీ పెన్షనుకి కావలసిన 40 క్రెడిట్లు ఏడాదికి నాలుగు చొప్పున పోగు చేసుకుంటున్న మనిషి ఆ సలహా ఎందుకు వింటుంది?

కాగితాలు సంచిలో సర్దుకుంటూ, "మీకెంత పడింది, అన్నయ్యగారూ?" అని అడిగింది.

అడగడంలో తప్పేమీ లేదు. మనవాళ్ళం జీతం అడుగుతాం, ఇంటి అప్పు అడుగుతాం, చీర ఖరీదు అడుగుతాం. ఇది అంతకంటే పెద్ద రహస్యమా?

"ఇంకా చూసుకోలేదమ్మా" అన్నాను.

అబద్ధం. రెండు రోజుల కిందటే అయిపోయింది. 2024లో మా దంపతుల ఆదాయం 90,000 డాలర్లు. డివిడెండ్లు 35,000, ఏనాడో కొన్న షేర్లు అమ్మితే వచ్చిన లాభం 55,000. సోషల్ సెక్యూరిటీ ఇంకా మొదలుపెట్టలేదు. మాకు పడిన ఫెడరల్ టాక్స్ సున్నా.

ఇందులో మోసం లేదు, గారడీ లేదు. స్టాండర్డ్ డిడక్షన్ 29,200 తీసేస్తే మిగిలేది 60,800. 2024లో దంపతులకి 94,050 వరకు ఏడాది దాటి ఉంచుకున్న షేర్ల లాభం మీదా, అర్హత ఉన్న డివిడెండ్ల మీదా రేటు సున్నా శాతం. పైగా ఈ డబ్బు కూలి కాదు గనక సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోతలు దీనికి లేవు. అదే 90,000 మా ఇద్దరిలో ఒకరికి జీతంగా వచ్చి ఉంటే రెండూ కలిపి 13,700 పైచిలుకు పోయేది. నాకు మూడింతలు ఎక్కువ వచ్చింది. కట్టింది ఆవిడ.

మర్నాడు వాకింగ్‌లో ఒక మిత్రుడికి చెప్పాను. ఆయనా నాలాగే రిటైరయినవాడు, వాదన అంటే కాఫీ కూడా మర్చిపోతాడు.

"నువ్వు ముప్ఫై మూడేళ్ళు కట్టలేదూ? టాక్స్ కట్టగా మిగిలిన డబ్బే కదా దాచావు?" అన్నాడు.

నిజమే. కానీ నేను టాక్స్ కట్టింది దాచిన అసలు మీద. ఆ అసలు పెట్టిన పిల్లల మీద కాదు.

"కంపెనీ తన లాభం మీద ముందే 21 శాతం కట్టింది. మళ్ళీ నీ దగ్గరా తీసుకుంటే ఒకే రూపాయిని రెండుసార్లు కోసినట్టు. పైగా ఇరవై ఏళ్ళ కిందట కొన్న షేరు లాభంలో కొంత ధరలు పెరగడం వల్ల వచ్చిన వాపే. అది లాభమా? నష్టం వస్తే మాత్రం జీతంలోంచి ఏడాదికి 3,000 కంటే ఎక్కువ తగ్గించుకోనివ్వరు."

ఈ మాటల్లో బలం ఉంది, కాదనను. రేటు మరీ పెంచితే జనం అసలు అమ్మకుండా కూర్చుంటారన్నదీ నిజమే. కానీ వాటికి విడిగా మందులున్నాయి. ధరల పెరుగుదలని లాభంలోంచి తీసెయ్యవచ్చు. చిన్న మొత్తాలని వదిలెయ్యవచ్చు. ఈ తేడా ఆకాశం నుంచి ఊడిపడిందీ కాదు. అమెరికాలో 1921 నాటి చట్టంతో మొదలైంది. 1986లో రేగన్ సంతకం పెట్టిన చట్టం జీతానికీ, షేర్ల లాభానికీ ఒకే రేట్లు చేసింది. ఆ సమానత్వం మూడేళ్ళు నడిచింది, దేశం మునిగిపోలేదు. తరవాత 1997లో లాభం మీద పై రేటు 20కి, 2003లో 15కి దిగింది. 2008 నుంచి కింది అంచెలకి సున్నా అయింది. 2013 నుంచి పై అంచెలో మళ్ళీ 20, ఆపైన పెట్టుబడి ఆదాయం మీద మరో 3.8. అంతా కలిపినా 23.8 శాతం. జీతం మీద పై రేటు 37.

2011 ఆగస్టులో వారెన్ బఫెట్ న్యూయార్క్ టైమ్స్‌లో ఒక వ్యాసం రాశాడు. తను కట్టింది తన పన్ను ఆదాయంలో 17.4 శాతమనీ, తన ఆఫీసులో మిగతా ఇరవైమందీ కట్టింది 33 నుంచి 41 శాతమనీ. అప్పుడు మేమంతా "అబ్బ, ఎంత అన్యాయం" అనుకుంటూ ఆ వ్యాసాన్ని ఒకరికొకరం పంపుకున్నాం. నేనూ పంపాను. అప్పుడు నేను జీతం వైపు ఉన్నాను మరి. ఇప్పుడు గోడకి అవతలి వైపు చేరాక ఆ వ్యాసం సంగతి ఎవరితోనూ ఎత్తడం లేదు.

మిత్రుడు చివరికి, "అసలు మంచి ప్లానింగ్ ఏంటో తెలుసా? అమ్మకుండా పోవడం" అని నవ్వాడు. అదీ నిజమే. షేర్లు అమ్మకుండా పోతే, పోయిన రోజు ధరే పిల్లలకి కొన్న ధరగా లెక్కకి వస్తుంది. అంతవరకు పెరిగిన లాభం మీద ఇన్‌కం టాక్స్ ఎవరూ, ఎప్పుడూ కట్టరు. నూట ముప్ఫై రెండు జాకెట్లు కుట్టిన మనిషికి అలాంటి వెసులుబాటు ఏదీ లేదు.

ఆ రాత్రి మా నాన్న గుర్తొచ్చారు. తెనాలి దగ్గర హైస్కూల్లో హెడ్మాస్టరు. 1970లలో ఫిబ్రవరి జీతం చేతికొచ్చేసరికి ఇన్‌కం టాక్స్ కోత పడి సగమయ్యేది. ఆ నెల మా ఇంట్లో కిరాణా కొట్టుకి వాయిదా చెప్పేవాళ్ళు. మా వీధి చివర నలభై ఎకరాల మాగాణి ఉన్న ఆసామికి మాత్రం పంట మీద ఆ పన్ను లేదు. వ్యవసాయాదాయానికి ఇన్‌కం టాక్స్ లేకపోవడం ఆ దేశంలో ఇప్పటికీ ఉంది. ఎకరం ఉన్న రైతుని కాపాడే నియమం నలభై ఎకరాల ఆసామికీ గొడుగు పట్టింది. నాన్న ఆ ఆసామిని ఎప్పుడూ తిట్టలేదు. "జీతం రాళ్ళు ఎదురుగా కనబడతాయిరా, అందుకే ముందు వాటినే కోస్తారు" అనేవారు. అమెరికా వచ్చి నలభై ఏళ్ళు కావస్తుంటే నేను ఆ వీధి చివరి ఇంటికి చేరానన్నమాట.

నాకు తోచింది చెబుతాను. మనిషి ఎంత మోయగలడన్నది పన్నుకి కొలబద్ద కావాలి. ఆ డబ్బు మిషను తొక్కితే వచ్చిందా, కూర్చుంటే వచ్చిందా అన్నది కాదు. చిన్న పొదుపుల మీద సున్నా ఉంచండి, మంచిదే. అలాంటప్పుడు కష్టార్జితంలో మొదటి కొన్ని వేలకి కూడా సున్నా ఉండాలి కదా. ఇలా రాస్తున్నాను గానీ, ఇవ్వనవసరం లేని డబ్బుకి చెక్కు రాసి ప్రభుత్వానికి పంపానా? లేదు. ఆ మాట కూడా ఇక్కడే చెప్పడం మర్యాద.

ఏప్రిల్ మొదటి వారంలో చెల్లెమ్మ మా ఆవిడ జాకెట్లు నాలుగు కుట్టి తెచ్చింది. బ్యాంకు నుంచి డబ్బు కట్టే పని కూడా అప్పుడే పూర్తిచేశాం. ఆవిడ మళ్ళీ అడగలేదు. నేనే చెప్పాను.

"అమ్మా, ఆ రోజు మీకు అబద్ధం చెప్పాను. మా లెక్క అప్పటికే అయిపోయింది. మాకేమీ పడలేదు. సున్నా."

ఎంత ఆదాయం మీద సున్నానో కూడా చెప్పాను. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. కాసేపు నన్ను, తరవాత టేబుల్ మీది కాగితాన్ని చూసింది.

"అయితే నేనూ షేర్లు కొనుక్కోవాలన్నమాట" అని నవ్వింది. వెంటనే, "కొనాలంటే ముందు మిగలాలిగా అన్నయ్యగారూ" అంది.

మా ఆవిడ నాలుగు జాకెట్లకీ 160 డాలర్లు ఇచ్చింది. చెల్లెమ్మ సంచిలోంచి రూళ్ళ పుస్తకం తీసి, తేదీ వేసి, నా ఎదురుగానే ఆ 160 రాసుకుంది.