చెప్పితిని గాని చూపలేదు



పసిపిల్లల వైద్యము నా వృత్తి. గోదావరీతీరమందలి యొక చిన్నపట్టణమున 22 ఏండ్లనుండి ఈ పని చేయుచున్నాను. ఇంతకాలమునకు నీవు నేర్చుకొన్నదేమని యెవరైన నన్నడిగినచో క్రొత్తమందుల పేర్లు చెప్పను. ఒక తల్లివలన నేర్చుకొన్న పాఠమునే చెప్పుదును. అది నా తప్పువలన వచ్చిన పాఠము. తన తప్పును తాను చెప్పుకొనుట వైద్యులకు అంతగా అలవాటు లేని పని. అయినను, తల్లులు చదివెడి ఈ పత్రికలో చెప్పుకొన్నచో పది యిండ్లకైనను మేలు కలుగునను ఆశతో వ్రాయుచున్నాను.

అది 2023వ సంవత్సరము, ఆషాఢమాసము. తొలకరివానలు పడి కాలువలకు క్రొత్తనీరు వచ్చిన దినములు. ఆ దినములలో మా పట్టణమున ఏ వీధికి పోయినను విరేచనములతో బాధపడు పిల్లలుందురు. ఒకనాటి సాయంకాలము నా గది యెదుట బల్లలు చాలక తల్లులు పిల్లలనెత్తుకొని మెట్లమీద కూర్చుండిరి. ఆ గుంపులో ఒక అమ్మాయి 14 నెలల మగపిల్లవానిని తీసికొని లోనికి వచ్చెను. ఉదయమునుండి 5 మార్లు నీళ్లవిరేచనములైనవని చెప్పెను. పిల్లవాని కన్నులు తేటగా నున్నవి. నాలుక తడిగా నున్నది. ఏడ్చినప్పుడు కన్నీరు కారుచున్నది. భయపడవలసిన పని యేమియు కనబడలేదు.

"ఓ. ఆర్. ఎస్. పట్టించమ్మా. పాలు మానిపించకు. జింకు రాస్తున్నాను, 14 రోజులు వెయ్యాలి" అని చెప్పి, చీటీ చేతికిచ్చి, తరువాతి పిల్లను పిలిచితిని. ఆ మాటలకు అర నిముషము పట్టినదో లేదో! చీటీలో జింకు పేరు వ్రాసితిని గాని ఓ. ఆర్. ఎస్. మాట వ్రాయలేదు. అది అందరికిని తెలిసినదే గదా యని యనుకొంటిని.

మరునాటి యుదయమున నేను తలుపు తీయకమునుపే ఆ అమ్మాయి తన అత్తగారితో వచ్చి గుమ్మమున నిలిచియుండెను. పిల్లవాడు ఆమె భుజముమీద వ్రేలాడుచుండెను. కన్నులు లోనికి పోయినవి. పొట్టమీది చర్మమును పట్టి వదలినచో మెల్లమెల్లగా గాని సర్దుకొనుటలేదు. అర్ధరాత్రినుండి మూత్రము లేదు. చెంచాతో నీరు పట్టబోగా మ్రింగలేకపోయెను.

"రాత్రి ఏమైనా పట్టించావా అమ్మా?" అని యడిగితిని. నా కంఠమున కొంత కోపముండెనని యిప్పుడు తలచుకొనిన సిగ్గగుచున్నది.

"మీరు చెప్పినట్టే పట్టించానండీ డాక్టరమ్మగారూ. మూడు డబ్బాలు అయిపోయాయి. తాగిందంతా తాగినట్టే పోతోంది" అని ఆమె సంచిలోనుండి నాలుగవ డబ్బా తీసి చూపెను.

అది అట్టడబ్బాలో పోసిన తియ్యని పానీయము. పైన నారింజపండు బొమ్మ. దానిక్రింద పెద్ద అక్షరములతో ఓ. ఆర్. ఎస్. అను పేరు కలిసియున్నది. ఇంకను క్రింద, చీమకాళ్లవంటి అక్షరములతో, ఇది ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పిన మిశ్రమము గాదని ఆంగ్లమున అచ్చువేసిరి. ఆ అమ్మాయి పదవతరగతి వరకు తెలుగున చదువుకొన్నది. నేను నోట చెప్పిన పేరునే మందులదుకాణమున అడిగెను. వారు ఆ పేరున్న డబ్బానే యిచ్చిరి. పొడిపొట్లముకంటె దానికి వెల యెక్కువ. వెల యెక్కువైనది బిడ్డకు మంచిదని నమ్మి, ఇంటిఖర్చుకు దాచుకొన్న డబ్బుతో కొనెను.

పిల్లవానికి వెంటనే సూది ద్వారమున రింగర్ లాక్టేటు ఎక్కించితిమి. రెండు రాత్రులు ఆసుపత్రిలో నుంచితిమి. దైవము చల్లగా చూచెను. మూడవనాడు బిడ్డ తల్లిరొమ్మునకై వెదకుకొనెను. అత్తగారు నాకు చేతులెత్తి మ్రొక్కిరి. ఆ మ్రొక్కును తీసికొనుటకు నాకు మొగము చెల్లలేదు. "మీరు చెప్పినట్టే" యన్న మాట నా చెవిని వదలలేదు. ఆమె నా మాట జవదాటలేదు. నా మాటయే ఆమె యింటి గిన్నెవరకు పోలేదు.

ఆ తియ్యని పానీయము ఎందుకు కీడు చేసినదో తెలిసికొనుట కష్టము గాదు. విరేచనములలో ఒడలినుండి నీరును ఉప్పును కలిసి పోవును. మన ప్రేగుగోడలో ఉప్పును గ్లూకోసును జంటగా లోనికి తీసికొనిపోవు మార్గమొకటి కలదు. ఆ రెండును తగిన పాళ్లలో చేరినప్పుడు నీరు వానివెంట ఒడలిలోనికి పోవును. విరేచనముల వ్యాధిలో గూడ ఈ మార్గము చాలవరకు చెడక నిలిచియుండుట మన యదృష్టము. ఉప్పు చాలక చక్కెర మితిమీరినచో, ఆ చక్కెర ప్రేగులోనే నిలిచి, ఒడలిలోని నీటిని గూడ తనవైపునకు లాగును. పిల్లవాడు త్రాగినకొలది ఎండిపోవును. ప్రపంచ ఆరోగ్యసంస్థయు, యూనిసెఫ్ సంస్థయు 2002లో కుదిర్చిన మిశ్రమమున లీటరు నీటికి గ్లూకోసు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, పొటాసియము క్లోరైడు 1.5 గ్రాములు, సోడియము సిట్రేటు 2.9 గ్రాములు, మొత్తము 20.5 గ్రాములుండును. ఇంతకుమించి తీపి యున్నదేదియు ఆ పేరునకు తగదు.

ఈ నీటి మహిమను లోకమునకు చాటినది మన దేశమే. 1971లో తూర్పు బెంగాలునుండి శరణార్థులు లక్షలుగా తరలివచ్చినప్పుడు, సరిహద్దునగల బన్‌గావ్ పట్టణమున కలరా చెలరేగెను. ఎక్కించుటకు సెలైను చాలలేదు. అప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోసు, వంటసోడా నీటిలో కలిపించి పీపాలలో నింపించి రోగులకు త్రాగించిరి. అంతకుమునుపు నూటికి 20, 30 మంది మరణించుచుండగా, ఈ నీరు త్రాగినవారిలో నూటికి నలుగురైనను మరణింపలేదు. ఆయన 2022లో కీర్తిశేషులైరి. ఈ కథను నేను కళాశాలలోనే చదివితిని. కాని అందులోని ముఖ్యమైన సంగతి ఆ పిల్లవాడు జబ్బుపడువరకు నాకు తట్టలేదు. బన్‌గావ్‌లో గ్లాసుపట్టి త్రాగించినవారు వైద్యులుకారు, రోగుల తల్లులును అన్నదమ్ములును. ఈ మందును ఇచ్చుట ఇంటివారి పని. వారికి చేతితో నేర్పుటయే వైద్యుని పని.

డబ్బాలమీది పేరువిషయమున తరువాత కొంత న్యాయము జరిగినది. హైదరాబాదునందలి పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజనీ సంతోష్‌గారు ఈ పేరు దుర్వినియోగముమీద కొన్నేండ్లు పట్టువిడువక పోరాడిరి. న్యాయస్థానమునకును వెళ్లిరి. భారత ఆహారభద్రతా ప్రమాణముల సంస్థ, 2022లో చిన్న హెచ్చరికతో ఆ పేరును వాడుకొనుటకు ఇచ్చిన అనుమతిని 2025 అక్టోబరులో రద్దుచేసినది. ఇది సంతోషింపదగిన విషయము. కాని చట్టము డబ్బామీది అక్షరములను దిద్దగలదే గాని, వంటింటిలో పొడి కలుపు చేతిని దిద్దలేదు.

ఆ సంగతియు నాకు తల్లులే తెలియజేసిరి. పిల్లవాడు కోలుకొన్న వారమే నా గది బయట ఒక బల్ల వేయించి, లీటరు సీసా, కాచి చల్లార్చిన నీరు, పొడిపొట్లములు ఉంచితిని. "మీ యింట్లో ఎలా కలుపుతారో కలిపి చూపించమ్మా" అని ప్రతి తల్లిని అడుగ మొదలిడితిని. మొదటిదినమే నా కన్నులు తెరపడినవి. లీటరు నీటికి తగిన పొట్లమునంతను ఒక్క గ్లాసులో వంచినవారొకరు. అట్లు కలిపిన నీటిలో ఉప్పు మిక్కుటమై బిడ్డకు ప్రాణముమీదికి తెచ్చును. గ్లాసు నీటిలో చిటికెడు వేసి, మిగిలిన పొడిని మడిచి దాచుకొన్నవారింకొకరు. పాలలో కలుపుదుమన్నవారు, కలిపినదానిని మరల కాచుదుమన్నవారు, రెండుదినములు దాచి వాడుదుమన్నవారు కూడ కలరు. వీరందరికిని నేను ఎన్నో మార్లు ఓ. ఆర్. ఎస్. పట్టుడని చెప్పియున్నాను! అందరును తలలూపి వెళ్లియున్నారు!

ఒక పెద్దావిడ మాత్రము తలయూపలేదు. "అసలే నీళ్లలా పోతుంటే, పైనుంచి మళ్లీ నీళ్లు పొయ్యమంటావేమిటమ్మా? ఇంకా పోదూ?" అని నన్ను నిలదీసిరి. అది తెలివైన ప్రశ్న. "కుండకు చిల్లి పడింది మామ్మగారూ. చిల్లి దానంతట అదే పూడుకుంటుంది, కాని నాలుగైదు రోజులు పడుతుంది. అంతదాకా కుండ ఎండిపోకుండా పోస్తూ ఉండాలి కదా" అని చెప్పితిని. ఆవిడ కొంతసేపాలోచించి, "అయితే ఇది విరేచనాలు కట్టే మందు కాదన్నమాట, ప్రాణం నిలిపే మందన్నమాట" అనిరి. నేను ఇంత చక్కగా ఎన్నడును చెప్పలేదు. తల్లులకు ఈ నీటియందు నమ్మకము కుదరకపోవుటకు మూలమిదియే. వెంటనే కట్టలేదని విసిగి, కట్టు మందు కావలెనందురు. కొందరు వైద్యులమును వారి తొందరకు లొంగి, అవసరములేని యాంటీబయాటికులు వ్రాయుచుందుము. ప్రేగు కదలికను ఆపు మాత్రలు పసిపిల్లలకు ఎన్నడును ఇయ్యరాదు.

ఇక నేను బల్లవద్ద చూపునదానిని మీకును చెప్పెదను. పొట్లముమీద ఎంత నీటికని యున్నదో ముందు చదువవలెను. లీటరుదియు కలదు, 200 మిల్లీలీటర్లదియు కలదు. సబ్బుతో చేతులు కడుగుకొని, కొలిచిన మంచినీటిలో పొట్లమంతయు ఒక్కమారే కలుపవలెను. మరేమియు చేర్పరాదు. 24 గంటలు దాటినచో పారబోసి మరల కలుపుకొనవలెను. రెండేండ్లలోపు పిల్లలకు విరేచనమైనప్పుడెల్ల 200 మిల్లీలీటర్ల గ్లాసులో పావు మొదలు సగము వరకు, అంతకు పెద్దవారికి సగము మొదలు నిండు గ్లాసు వరకు ఇయ్యవలెను. వాంతియైనచో 10 నిముషములు ఆగి, చెంచాచెంచాగా మెల్లగా పట్టవలెను. చనుబాలు మానరాదు. తినువారికి మెత్తనియన్నము, పప్పు, పెరుగు మానరాదు. జింకు మాత్ర ఆరునెలలు దాటినవారికి దినమునకు 20 మిల్లీగ్రాములు, రెండునెలలు మొదలు ఆరునెలలలోపు వారికి 10 మిల్లీగ్రాములు. విరేచనములు తగ్గినను 14 దినములు వేయవలెను. పొట్లము దొరకని చోట, లీటరు నీటిలో తలకొట్టిన చిన్నచెంచాలు 6 చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి, పొట్లము వచ్చువరకు ఇయ్యవచ్చును. ఉప్పు మాత్రము ఆ కొలత మీరరాదు.

కన్నులు లోతుకు పోయినను, బిడ్డ మగతగా నున్నను, త్రాగలేకున్నను, త్రాగినదంతయు వాంతియగుచున్నను, మూత్రము తగ్గినను, విరేచనమున రక్తము కనబడినను ఇంటివైద్యము చాలదు. రాత్రియని చూడక ఆసుపత్రికి పోవలెను.

రాకుండ చూచుకొనుట అన్నిటికంటె మేలు. పసివారి విరేచనములకు పెద్దకారణమైన రోటావైరసునకు టీకాచుక్కలున్నవి. ప్రభుత్వము 2016లో వీనిని మొదటగా ప్రారంభించిన నాలుగు రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ మొకటి. బిడ్డకు 6, 10, 14 వారముల వయసున ఉచితముగా వేయుదురు. ఆ దినములను మరువకుడు. ఓ. ఆర్. ఎస్. పొట్లములను గూడ ఆశాకార్యకర్తలు ఉచితముగానే యిత్తురు.

మరుసటియేడు వానకాలమున ఆ అమ్మాయియే తన చెల్లెలి బిడ్డను తీసికొని వచ్చెను. నేను నోరు తెరువకమునుపే సంచిలోనుండి లీటరు సీసా తీసి బల్లపై పెట్టి, "పొడే కలిపానండీ, డబ్బా కాదు. రాత్రినుంచి సగం తాగించాను. కన్నీళ్లు వస్తున్నాయి, చూడండి" అనెను. బిడ్డ నిజముగా గట్టిగా ఏడ్చుచుండెను. ఆ యేడుపు నా చెవులకు ఇంపుగానుండెను.

నా తోడి వైద్యులకు, ముఖ్యముగా క్రొత్తగా వృత్తిలో ప్రవేశించు చెల్లెండ్రకు నా మనవి ఒక్కటే. గుంపు ఎంత యున్నను, చెప్పి పంపకుడు, చూపి పంపుడు. తల్లులకు నా మనవి: వైద్యుడు తొందరలో చెప్పినచో సిగ్గుపడక "ఎలా కలపాలో చూపించండి" అని అడుగుడు. అడిగిన తల్లిని విసుగుకొను వైద్యుడున్నచో, ఆ దోషము వానిదే గాని మీది గాదు.