ఐసీయూ బయట ఒక అంకె

పదవీ విరమణ చేసినా నా ఫోనుకు రిపోర్టులు రావడం ఆగలేదు. వాటిలో చాలావరకు ఐసీయూలో ఉన్న హృద్రోగులవే. ఒక అంకె కింద ఎర్రగీత గీసి, "డాక్టరుగారూ, ట్రోపోనిన్ ఇంత ఉంది, మనిషి దక్కుతాడా?" అని అడుగుతారు. మీరూ ఎప్పుడో ఆ వరండాలో నిలబడి ఉండవచ్చు. అందుకే ఈ నాలుగు మాటలు.

ట్రోపోనిన్ గుండె కండరంలోని ప్రోటీను. కండరం దెబ్బతింటే రక్తంలోకి వస్తుంది. గుండెపోటు తరువాత కొద్ది గంటల్లో పెరిగి, దాదాపు ఒక రోజుకు గరిష్ఠ స్థాయికి చేరి, వారం పది రోజులపాటు కనిపిస్తూనే ఉంటుంది. కాబట్టి మూడోనాడు ఎక్కువగా ఉన్నంత మాత్రాన మరో పోటు వచ్చిందని కాదు. మూత్రపిండాల వ్యాధిలోనూ, తీవ్రమైన ఇన్ఫెక్షన్‌లోనూ కూడా ఇది పెరుగుతుంది. ఇంకొక చిక్కు కొలమానంలో ఉంది. ఒక ల్యాబు మిల్లీలీటరుకు 0.5 నానోగ్రాములని రాస్తే, మరొకటి లీటరుకు 500 అని రాస్తుంది. రెండూ ఒకటే! ఆసుపత్రి మారిన రోజున ఈ తేడా చూసి కుప్పకూలిన కుటుంబాలను ఎరుగుదును.

ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ అనే పరీక్ష గుండె గోడలపై పడే ఒత్తిడిని తెలుపుతుంది. వయసు మీరినవారిలో, మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో ఎక్కువగా, స్థూలకాయుల్లో తక్కువగా ఉంటుంది. గుండె వైఫల్యంతో చేరిన రోగిలో చికిత్స మొదలయ్యాక 30 శాతానికి మించి తగ్గితే మంచి సూచన. తొలిరోజు అంకెకన్నా ఈ తగ్గుదలే నాకు ముఖ్యం.

ఇక అన్నిటికన్నా ప్రమాదకరమైనది కార్డియోజెనిక్ షాక్, అంటే గుండె శరీరానికి చాలినంత రక్తం పంపలేని స్థితి. గుండెపోటుతో ఈ స్థితికి చేరిన 600 మందిపై జర్మనీలో జరిగిన పరిశోధన ఫలితాలు 2012లో వెలువడ్డాయి. ముప్పై రోజుల్లో సుమారు 40 శాతం మంది మరణించారు. ఎవరికి ముప్పు ఎక్కువో అంచనా వేయడానికి ఆ సమాచారం నుంచే ఒక స్కోరు రూపొందించారు. అందులో ఆరు అంశాలు: 73 ఏళ్లు పైబడిన వయసు, పూర్వం పక్షవాతం, రక్తంలో చక్కెర, క్రియాటినిన్, లాక్టేట్, యాంజియోప్లాస్టీ తరువాత కూడా రక్తనాళంలో ప్రవాహం సరిగా లేకపోవడం. గమనించారా? ట్రోపోనిన్ ఆ జాబితాలో లేదు.

కారణం ఊహించడం కష్టం కాదు. కండరం ఎంత పోయిందన్నది జరిగిపోయిన నష్టం. ఈ పూట ప్రాణం నిలవడం, మిగిలిన గుండె మూత్రపిండాలకు, కాలేయానికి, మెదడుకు రక్తం అందించగలుగుతోందా లేదా అన్నదానిపై ఆధారపడుతుంది. కణాలకు ప్రాణవాయువు చాలనప్పుడు లాక్టేట్ పేరుకుంటుంది. మామూలుగా అది 2 మిల్లీమోల్స్ లోపే ఉండాలి. పై స్కోరులో 5 దాటితే ముప్పుగా లెక్కించారు. అయితే ఎడ్రినలిన్ ఇచ్చినప్పుడు కూడా లాక్టేట్ పెరుగుతుంది కనుక దాన్నీ ఒంటరిగా చూడరాదు. ఎక్కువ స్కోరు వచ్చినవారిలోనూ కొందరు బతికి ఇంటికి వెళ్లారు.

కాబట్టి రేపు డాక్టరుతో మాట్లాడే ఐదు నిమిషాల్లో ట్రోపోనిన్ ఎంత అని అడగకండి. లాక్టేట్ నిన్నటికన్నా తగ్గిందా, రక్తపోటు నిలపడానికి ఇస్తున్న మందుల మోతాదు పెంచుతున్నారా తగ్గిస్తున్నారా, రాత్రి నుంచి మూత్రం ఎంత వచ్చింది అని అడగండి. ఈ మూడింటికీ జవాబులు మంచం పక్కనున్న నర్సు చార్టులోనే ఉంటాయి.