పరుల గడపలో పాఠం

కొత్త వైద్యశాల కట్టడానికి స్థలం, ధనం, నేర్పరి అయిన శిల్పి ఉంటే చాలునని లోకం భావిస్తుంది. రోగి పడే బాధ ఎరుగకుండా గీసిన పటం అందమైన మేడ కాగలదే కాని వైద్యశాల కాజాలదు. ఈ సత్యాన్ని గ్రహించి, ఇతరుల వైద్యశాలలను చూసి నేర్చుకోవడానికి దేశం దాటి వెళ్లిన ఇద్దరు పెద్దల కథ స్మరింపదగినది.

పారిస్ నగరంలో సెయిన్ నది ఒడ్డున ‘ఒటెల్ ద్యూ’ అనే ప్రాచీన వైద్యశాల ఉండేది. పేదలకు అదే దిక్కు. అయితే అక్కడ ఒకే మంచం మీద నలుగురు, ఒక్కొక్కప్పుడు ఆరుగురు పడుకోవలసి వచ్చేది. జ్వరపీడితుని పక్కన గాయపడినవాడు, మరణించినవాని పక్కన బ్రతకాలని ఆశపడేవాడు! చేరిన ప్రతి నలుగురైదుగురిలో ఒకరు ప్రాణాలతో తిరిగి వచ్చేవారు కాదు. 1772 డిసెంబరు చివర జరిగిన ఘోర అగ్నిప్రమాదంలో ఆ వైద్యశాలలో చాలా భాగం దగ్ధమైంది. దానిని ఎక్కడ, ఎలా తిరిగి కట్టాలన్న వాదం ఏళ్ల తరబడి సాగింది.

చివరకు ఫ్రెంచి ప్రభుత్వం ఆ విషయం విచారించే భారాన్ని విజ్ఞాన అకాడమీకి అప్పగించింది. అకాడమీ నియమించిన సంఘంలో రసాయనశాస్త్రవేత్త లెవోయిజర్, గణితవేత్త లాప్లాస్, విద్యుదావేశాల నియమంతో విద్యార్థులకు పరిచితుడైన కూలూమ్, శస్త్రవైద్యుడు జాక్ తెనోన్ సభ్యులు. విచిత్రమేమంటే, సొంత నగరంలోని ఒటెల్ ద్యూ నిర్వాహకులే వారు కోరిన వివరాలు అందించలేదు. తెనోన్ అంతకుముందే స్వయంగా సేకరించి పెట్టుకున్న వివరాలే సంఘానికి ఆధారమయ్యాయి.

1787లో తెనోన్, కూలూమ్ అధికారికంగా ఇంగ్లండుకు ప్రయాణమయ్యారు. అప్పటికి తెనోన్ వయస్సు అరవై దాటింది. ఆ రెండు దేశాల మధ్య యుద్ధం ముగిసి నాలుగేళ్లే అయింది. అయినా ఆంగ్లేయుల వైద్యశాలలు వారికి తలుపులు తెరిచాయి. ప్లిమత్ రేవులోని నౌకాదళ వైద్యశాల వారిని ఎక్కువగా ఆకర్షించింది. అది ఒకే పెద్ద భవనం కాదు. రోగుల గదులున్న కట్టడాలు ఒకదానికొకటి దూరంగా, విడివిడిగా నిలిచి ఉన్నాయి. నడుమ ఖాళీ స్థలం, వాటిని కలుపుతూ స్తంభాల నడవా. ఇరువైపులా కిటికీల నుండి గాలి ధారాళంగా వీచేది. ఒక కట్టడంలోని వ్యాధి మరొక కట్టడానికి సులభంగా పాకేది కాదు. నిన్నటి శత్రువు ఇంట నేటి పాఠం దొరికింది!

వారు గోపురాలను చూసి మురిసిపోవడానికి వెళ్లినవారు కారు. రోగికి మంచం ఎంత పొడవు ఉండాలి, గదిలో ఎంత గాలి ఆడాలి, నీరసించినవాడు ఎక్కడానికి మెట్లు ఎలా ఉండాలి అన్న చిన్న విషయాలే వారికి పెద్దవి. 1788లో వెలువడిన తెనోన్ గ్రంథం ఆ శ్రద్ధకు నిదర్శనం.

పారిస్‌లో విడివిడి కట్టడాలతో నాలుగు వైద్యశాలలు నిర్మించాలని సంఘం సూచించింది. కాని 1789లో విప్లవం చెలరేగింది. ఆ ప్రణాళిక కాగితాలకే పరిమితమైంది. లెవోయిజర్ 1794లో గిలటిన్‌కు బలి అయ్యాడు. తెనోన్ 1816లో కన్నుమూసేనాటికి కూడా ఆ వైద్యశాలలు లేవలేదు.

అయినా ఆ శ్రమ వృథా కాలేదు. 1854లో పారిస్‌లో ప్రారంభమైన లారిబోయిసియేర్ వైద్యశాల ఆ పద్ధతినే అనుసరించింది. ఫ్లారెన్స్ నైటింగేల్ దానిని మెచ్చుకున్నది. 1871లో లండన్‌లో కొత్తగా వెలసిన సెయింట్ థామస్ వైద్యశాలకూ అదే నమూనా అయింది. ఇంగ్లండు నుండి వెళ్లిన విత్తనం ఫ్రాన్సులో మొలకెత్తి, తిరిగి ఇంగ్లండులోనే ఫలించింది.

తెలియనిది పరుల వద్దకు వెళ్లి నేర్చుకోవడం చిన్నతనం కాదు. తన ఇంటి లోపాన్ని దాచుకోవడమే చిన్నతనం. రోగికి ఒక్కనికి ఒక్క మంచం అన్నది నేడు సామాన్యంగా తోచే కోరిక. దాని కోసం ఒక వృద్ధ వైద్యుడు కొలబద్ద చేతబట్టి పరదేశపు వైద్యశాలల మెట్లెక్కాడు. తాను చూడలేని వైద్యశాల కోసం ఆయన పడిన ఆ తపనే నిజమైన సేవ.