తమ్ముడి పింఛను అప్పీలు

మా తమ్ముడికి స్కిజోఫ్రీనియా మొదలై పదేళ్లు దాటింది. వైకల్యాన్ని నిర్ధారించే సదరం పరీక్షలో వాడికి 40 శాతం లోపే వేశారు. దాంతో పింఛను దరఖాస్తు తిరస్కరించారు. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా కింద దివ్యాంగులకు ఇచ్చేది నెలకు 6,000 రూపాయలు, ఏడాదికి 72,000. నా ఒక్క జీతం మీద నడిచే ఇంట్లో అది చిన్న మొత్తం కాదు.

"వదిలెయ్యవే. ఆరు వేల కోసం వాడికి పిచ్చని మళ్లీ మళ్లీ రాయించుకోవాలా?" అంది అమ్మ. ఆ బాధ నాకూ ఉంది. కానీ 40 శాతం వైకల్యం ఉందన్న సర్టిఫికెట్ ఉంటే, పాత పన్ను విధానంలో ఉన్న నాకు 80డీడీ కింద 75,000 మినహాయింపు వస్తుంది. మన మీద ఆధారపడిన తోబుట్టువుకీ అది వర్తిస్తుంది. అన్నిటికీ మించి, మేం లేని రోజున వాడి పేరు మీద ఒక ఆదాయం ఉండాలి. అప్పీలుకే వెళ్దామన్నాను.

ముందు ఆ పరీక్షలో వేసిన మార్కుల కాగితం నకలు అడిగి తీసుకున్నాను. రోగి తన వైద్య రికార్డులు పొందే హక్కు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 25వ సెక్షన్‌లో ఉంది. మానసిక వైకల్యాన్ని కొలిచే పద్ధతిని ఐడియాస్ అంటారు. తన పనులు తాను చేసుకోవడం, మనుషులతో మెలగడం, మాట్లాడటం-అర్థం చేసుకోవడం, ఉద్యోగం లేదా ఇంటిపని: ఒక్కోదానికి ఇబ్బందిని బట్టి 0 నుంచి 4 వేస్తారు. జబ్బు ఎన్నేళ్లుగా ఉందో చూసి ఇంకో 4 దాకా కలుపుతారు. మొత్తం 20లో 7 వస్తేనే 40 శాతం. మావాడికి వచ్చింది 6.

"రోజూ స్నానం చేస్తావా?" అని డాక్టరుగారు అడిగితే "చేస్తానండి" అన్నాడు. అబద్ధమేం కాదు. అమ్మ నీళ్లు తోడి, బట్టలు చేతికిచ్చి, తలుపు దగ్గర నిలబడితే చేస్తాడు. ఆ సంగతి ఎవరూ అడగలేదు, అక్కడ సున్నా పడింది. ఆ రోజు గడ్డం గీయించి, ఇస్త్రీ చొక్కా వేసి తీసుకెళ్లాం. నలుగురిలోకి పంపేటప్పుడు ఏ తల్లయినా అలాగే పంపుతుంది. వాడు శుభ్రంగా కనబడటం వెనక అమ్మ శ్రమ ఉంది. ఆ శ్రమ ఎంతో చూడకుండా వైకల్యాన్ని కొలవడం అన్యాయమని ఇప్పటికీ అంటాను.

రెండో లోటు జబ్బు వయసు దగ్గర. ఇటీవలి ఫైలు మాత్రమే చూసి రెండు నుంచి అయిదేళ్ల గడిలో 2 వేశారు. పదేళ్లు దాటితే 4. అంటే బీరువా అడుగున పడి ఉన్న పాత ఓపీ చీటీలకు, మొదటిసారి ఆస్పత్రిలో చేర్చినప్పటి డిశ్చార్జి సమ్మరీకి రెండు మార్కుల విలువ ఉంది.

సర్టిఫికెట్ విషయంలో నిర్ణయం నచ్చకపోతే అప్పీలు చేసుకునే హక్కును 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 59వ సెక్షన్ ఇచ్చింది. అర్జీలో మా కష్టాల కథ రాయలేదు. నాలుగు అంశాల కింద ఇంట్లో ఏం జరుగుతుందో రాశాను: మాత్ర ఎవరు వేస్తారు, బజారుకు ఒంటరిగా వెళ్తే ఏమవుతుంది, చేరిన కొట్లో ఎందుకు నిలవలేకపోయాడు. చికిత్స చేస్తున్న సైకియాట్రిస్టు ఉత్తరం, పాత యజమాని రాసిచ్చిన కాగితం జత చేశాను. లాయరు ఫీజు దండగవుతుందని భయపడేవాళ్లకు ఒక మాట. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం వైకల్యం ఉన్నవారికి ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగాలి.

ఎదురుచూసిన ఆ నెలల్లో నా రికరింగ్ డిపాజిట్ (ఆర్‌డీ) ఆపేసి మందులు కొన్నాను. వడ్డీకి తేలేదు. మందు ఆగితే వాడు ఆస్పత్రి పాలవుతాడు, ఆ ఖర్చు ఆర్‌డీ మొత్తాన్ని మింగేస్తుంది.

మళ్లీ జరిగిన పరీక్షలో అమ్మను పక్కన కూర్చోబెట్టి అడిగారు. 12 వచ్చింది. సర్టిఫికెట్ తాత్కాలికమే, గడువు తీరేలోగా మళ్లీ చూపించాలి. పింఛను ఒకటో తారీకున సచివాలయం వాళ్లు వాడి చేతికే ఇస్తారు. మందుల డబ్బు పక్కన పెట్టాక, మిగిలింది ఏం చెయ్యాలో వాడే చెప్తాడు.