లోపలి చెయ్యి

సుత్తి పడిన చప్పుడు వింటే చాలు, అది ఇనప రేకో అల్యూమినియం రేకో విజయవాడ ఆటోనగర్‌లో అందరికీ తెలిసిపోయేది. ఇనుము ఖంగుమంటుంది. అల్యూమినియం మెత్తగా, పొడిగా పలుకుతుంది. లారీ బాడీలు కట్టే వీధి దాటి బస్సు బాడీల షెడ్ల వైపు తిరిగితే ఆ రెండో చప్పుడే ఎక్కువ వినిపించేది. మా మేనమామ అక్కడ టింకరింగ్ మేస్త్రీ. వేసవి సెలవుల్లో మధ్యాహ్నం ఆయనకు క్యారేజీ తీసుకెళ్లి, సాయంత్రం దాకా షెడ్డులోనే ఉండిపోయేవాణ్ణి.

అప్పట్లో ఫ్యాక్టరీ నుంచి ఇంజిను, చక్రాలు, ఛాసిస్ మాత్రమే వచ్చేవి. తలకు తువ్వాలు చుట్టుకున్న డ్రైవరు పైకప్పు లేని ఆ ఛాసిస్‌ను ఎండలో వందల మైళ్లు నడుపుకుంటూ తెచ్చేవాడు. దాని మీద ఇనప గూడు నిలబెట్టి, చుట్టూ అల్యూమినియం రేకు తొడిగి రివిట్లు కొట్టేవారు. అల్యూమినియం బరువు ఇనుములో మూడో వంతే. వానకు, బురదకు ఇనుములా తుప్పు పట్టదు. అందుకే కిటికీల కింద నుంచి చక్రాల దాకా ఆ రేకే ఉండేది.

దెబ్బలు తగిలేదీ ఆ రేకుకే. నిజాం కాలంలో 1932లో 27 బస్సులతో మొదలైన ప్రభుత్వ బస్సు సర్వీసు 1958లో ఏపీఎస్‌ఆర్టీసీగా మారి, 1999లో అత్యధిక బస్సులున్న సంస్థగా గిన్నిస్ పుస్తకానికెక్కింది. ఆ ఎర్ర బస్సులూ, వాటితో పాటు ప్రైవేటు బస్సులూ మన ఇరుకు రోడ్ల మీద తిరుగుతుంటే ఎడ్లబండి నొగ గీరేది, చెరకు లారీ రాసుకునేది, మలుపులో గోడ తగిలేది. ఆ గాయాల్లో ఎన్నో ఆటోనగర్ షెడ్లకు చేరేవి.

మావయ్య ముందు అరచేత్తో రేకును తడిమి చూసేవాడు. సొట్ట మాత్రమే అయితే, లోపల డోలీ అనే ఇనప దిమ్మ ఆనించి బయట చెక్క సుత్తితో అంచుల నుంచి మధ్యకు కొట్టుకుంటూ వచ్చేవాడు. కొట్టేకొద్దీ అల్యూమినియం గట్టిపడుతుంది. ఇంకా కొడితే చిట్లుతుంది. మళ్లీ మెత్తబడాలంటే కాచాలి, చిక్కంతా అక్కడే. ఇనుము కరగడానికి ముందు ఎర్రబడి హెచ్చరిస్తుంది. అల్యూమినియానికి ఆ గుణం లేదు. 660 డిగ్రీలు వచ్చేదాకా రంగు మారకుండా ఉండి, ఒక్కసారిగా జారిపోతుంది. అందుకని రేకు మీద బట్టల సబ్బు రుద్ది, అవతలి వైపు నుంచి గ్యాస్ మంట చూపేవాడు. సబ్బు గీత ముదురు గోధుమ రంగుకు తిరగగానే మంట తప్పించాలి. "కంటితో చూస్తే మోసపోతావురా, సబ్బు చెప్పింది విను" అనేవాడు.

రేకు చిరిగితే మార్చడమే. ఉలితో రివిట్ల తలలు నరికి పాత రేకు ఊడదీసి, కొత్త రేకు మీద పరిచి, బెజ్జాలతో సహా గీసుకునేవాడు. గూటి ఇనుముకు ప్రైమరు పట్టనిదే కొత్త రేకు ఆననిచ్చేవాడు కాదు. ఇనుమూ అల్యూమినియమూ నేరుగా తాకి, మధ్యలో నీళ్లు నిలిస్తే అల్యూమినియమే తెల్లగా పొడై రాలిపోతుంది. ఇనుము మీద వాడిన సుత్తి కూడా ఇటు రాకూడదు. దానికి అంటిన ఇనప రజను రేకులో దిగబడి అక్కడే తినడం మొదలుపెడుతుంది.

రివిట్ కొట్టడానికి ఇద్దరు కావాలి. బయట మేస్త్రీ, బస్సు లోపల డోలీ పట్టుకున్న కుర్రాడు. ఒకరికొకరు కనపడరు. మావయ్య కొట్టాక లోపలి నుంచి ఒక్క దెబ్బ వినిపిస్తే ఇంకా కొట్టాలని, రెండు వినిపిస్తే బాగా కూర్చుందని అర్థం. ఏళ్ల తరబడి లోపల ఉన్నవాడికి మేస్త్రీ బలం, ఆగే చోటు, రేకు స్వభావం అన్నీ అరచేతి గుండానే తెలిసేవి. ఒకనాడు వాడే బయటికి వచ్చి సుత్తి పట్టేవాడు.

పాప్ రివిట్ వచ్చాక ఒక్కరే బయట నుంచి బిగించగలిగారు. పని తొందరగా అయ్యింది, కూలీ తగ్గింది, లోపలి చెయ్యి అక్కర్లేకపోయింది. మేస్త్రీలు ఆ తర్వాత కూడా చాలా కాలం పనిచేశారు గానీ, వాళ్ల తర్వాతి వరస తయారు కాలేదు. ఇంతలో పూర్తిగా తయారైన బస్సులు ఫ్యాక్టరీల నుంచే రాసాగాయి. రివిట్ల చోట జిగురు వచ్చింది. కొత్త కార్లలో వాడే కొన్ని అల్యూమినియం మిశ్రమాలను కాస్తే బలం పోతుంది కనుక, ప్యానెల్ మార్చడమే సరైన మరమ్మతు అయిన సందర్భాలు చాలా ఉన్నాయి. ఆ మార్పును నేను తప్పుపట్టను. బడి ఈడు పిల్లలు డోలీ పట్టే రోజులు పోయినందుకు సంతోషిస్తాను కూడా.

నాకున్న బాధల్లా, చాకిరీతో పాటు చదువు కూడా పోయిందనే. ఐటీఐల్లో షీట్ మెటల్ పని నేర్పే ట్రేడు ఉంది. ఆటోనగర్‌లో సబ్బు గీతను చదవగలిగిన పెద్ద మేస్త్రీలు కొందరైనా మిగిలే ఉంటారు. వాళ్లను గౌరవంగా పిలిచి, గురువులుగా కూర్చోబెట్టి, జీతమిచ్చి పాఠం చెప్పించాలి. ప్యానెల్ మార్చే కుర్రాడికి కూడా ఏది మార్చాలో, ఏది నిలబెట్టవచ్చో తెలియాలి కదా. ఆ వివేకం పుస్తకం ఒక్కటే ఇవ్వలేదు. పక్కన నిలబడి పట్టుకున్న చేతికే అది అబ్బుతుంది.